నురగ బాబాయి చేయించుకోని ఆపరేషన్లు

నురగ బాబాయి చెప్పినదంతా నిజమే అయితే ఆయన ఒంట్లో ఉండాల్సిన వాటిలో సగం లేవు. అపెండిక్సు ఎన్నిసార్లు తీయించుకున్నాడో ఆయనకే గుర్తులేదు. పిత్తాశయం పోయింది, కిడ్నీలో రాయి పోయింది, కుడి మోకాలు మార్చారు, ఎడమ మోకాలూ మార్చారు, మెడ మీద గడ్డ తీశారు, ఇక హెర్నియాకైతే రెండువైపులా కుట్లు పడ్డాయి. ఇన్ని కోతలు పడ్డ మనిషి రోజూ టింగురంగా అంటూ ఆసుపత్రి మెట్లెక్కి ఎలా వస్తున్నాడని ఎవరికైనా అనుమానం రావాలి కదా. రాలేదు. ఎందుకంటే ఆయన ఒక్కొక్కరికి ఒక్క ఆపరేషన్ గురించే చెప్పేవాడు. అదీ తెర వెనక, చెవిలో, ఎవరితోనూ అనొద్దని మాట తీసుకుని మరీ చెప్పేవాడు.

ఆయన ఉద్యోగం క్షవరం చేయడం. తలకు కాదు, గడ్డానికీ కాదు. మగవాళ్ళ వార్డులో మర్నాడు ఎవరికి ఎక్కడ కోత పెడతారో అక్కడ ముందురోజే వెంట్రుకన్నది లేకుండా నున్నగా గొరిగి పెట్టాలి. పొట్ట, గజ్జలు, తొడ, ఒక్కోసారి సగం తల. సర్జనుగారు రోగిని చూసేటప్పటికి అతను మత్తులో ఉంటాడు. బాబాయి చూసేటప్పుడు మాత్రం పూర్తి మెలకువలో ఉంటాడు, పైగా ఒంటి మీద గుడ్డ కూడా ఉండదు. రేపటి భయమంతా ఆ గంటలోనే బయటికొస్తుంది. మొదటి బ్లేడు బాబాయిదే కాబట్టి భయం కూడా మొదట ఆయన చేతికే తగిలేది.

అందుకే ఆయన వార్డులో బ్లేడు అన్న మాట నోట రానిచ్చేవాడు కాదు. తెర లాగి, గిన్నెలో సబ్బు గిలకొట్టి, "ఏం నాయనా, నురగ వేద్దామా?" అనేవాడు. ఆ పిలుపు విని విని పెద్ద సిస్టరు ఆయనకి నురగ బాబాయి అని పేరు పెట్టేసింది. ఇంటిపేరు మాసిపోయి ఇదే మిగిలింది.

అబద్ధం ఎప్పుడు మొదలైందంటే, ఉద్యోగంలో చేరిన కొత్తలో. ఒక బక్కపలచని గుమాస్తా పొట్ట గడగడా వణికిపోతుంటే బ్లేడు ఆనించడానికి లేకపోయింది. చిన్న గాటు పడ్డా సర్జనుగారు ఆపరేషన్ వాయిదా వేసేస్తారు. బాబాయి "భయపడకు" అన్నాడు. వణుకు పెరిగింది. పెరగదూ మరి, భయపడొద్దు అన్నారంటే భయపడాల్సిందేదో ఉన్నట్టేగా. ఏం చేయాలో తోచక బ్రష్షు పక్కన పెట్టాడు. నోరు దానంతటది తెరుచుకుని, "నాకూ ఇదే ఆపరేషన్ అయిందయ్యా" అంది. పొయ్యి కట్టేశాక పాలు దిగినట్టు ఆ పొట్ట నెమ్మదించింది. గుమాస్తా తల తిప్పి, నొప్పి ఉంటుందా అని అడిగాడు. "చీమ కుట్టినట్టు. రెండోరోజే లేచి నడిచాను" అన్నాడు బాబాయి. అంతే. ఆ పూటతో ఆయనకి అది అలవాటైపోయింది.

తప్పే, కాదనడంలేదు. అబద్ధం అబద్ధమే. కాకపోతే నీతులు చెప్పేవాళ్ళు ఒక్కసారి ఆ మంచం మీద వెల్లకిలా పడుకుని, పైన తిరిగే ఫ్యాను రెక్కలు చూస్తూ చెబితే బాగుంటుంది. గుమాస్తా మర్నాడు దర్జాగా వెళ్ళి దర్జాగా వచ్చాడు. ఆ తర్వాత వచ్చినవాళ్ళూ అంతే. బాబాయి బావమరిదికి వీధి చివర సెలూను ఉంది. లోకంలో ఈ సంగతి తెలిసిన ఇద్దరిలో అతను ఒకడు. సాయంత్రం బాబాయి అటు నుంచి వెళుతుంటే చాలు, కత్తెర ఆపి మరీ పలకరించేవాడు. "బావా, ఇవాళేం తీశారు నీకు? లోపల ఇంకేమన్నా మిగిలాయా, తిన్నది నేరుగా కాళ్ళలోకి దిగిపోతోందా?"

రెండో మనిషి బాబాయి భార్య. ఆవిడకి ఇంకో సంగతి కూడా తెలుసు. అది బావమరిదికి కూడా తెలియదు.

ఇన్ని ఆపరేషన్లు చేయించుకున్న నురగ బాబాయికి నిజంగానే ఒక ఆపరేషన్ కావాలి. కొన్నేళ్ళుగా ఎడమ గజ్జలో పేగు బయటికి పొడుచుకొచ్చి నిమ్మకాయంత ఉండ కట్టింది. దగ్గితే పెద్దదవుతుంది, పడుకుంటే లోపలికి పోతుంది. హెర్నియా. అదేమిటో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు, వారానికి నలుగురికి దాని కోసమే నురగ వేస్తాడు. భార్య పాత దుప్పటి చింపి, మడతలు పెట్టి, అరచేతి మందాన ఒక మెత్త కుట్టి, దానికి నాడాలు పెట్టి ఇచ్చింది. పొద్దున్నే అది బిగించుకుని చొక్కా వేసుకుంటాడు. తుమ్ము వస్తే చెయ్యి జేబులోకి పోతుంది. చూసేవాళ్ళు చిల్లర వెతుక్కుంటున్నాడనుకునేవారు.

ఆయనకి కోతంటే భయంలేదు. మత్తంటే భయం. కళ్ళు మూయించేది వాళ్ళు, తెరిపించేది కూడా వాళ్ళే, మధ్యలో మన చేతిలో ఏమీ ఉండదు. ఆ తలుపు దాకా ఎన్ని వందలమందిని సాగనంపాడో, తను మాత్రం గడప దాటలేదు. భార్య పోరీ పోరీ విసిగిపోయింది. "ఊరందరికీ తట్టలతో ధైర్యం పంచిపెడతారు, ఇంటికో గుప్పెడు పట్టుకురాకూడదూ?" అనేది. ఆయన మంచినీళ్ళు తాగడానికి లేచి వెళ్ళిపోయేవాడు.

ఇలా గడుస్తుండగా వార్డుకి ఒక పాడు వారం వచ్చిపడింది. మూల మంచం మీద ఉన్న మనిషి, చిన్న ఆపరేషనే, అందరికీ చెయ్యూపి మరీ లోపలికి వెళ్ళినవాడు తిరిగి రాలేదు. గుండె ఆగిపోయిందన్నారు డాక్టర్లు. తప్పెవరిదీ కాదన్నారు. అయ్యుండొచ్చు. కానీ వార్డులో ఆ మంచం ఖాళీగా ఉంది, దాని మీద కొత్త దుప్పటి పరిచి ఉంది, ప్రతివాడి కళ్ళూ అటే పోతున్నాయి. ఇద్దరు చెప్పాపెట్టకుండా ఇళ్ళకి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు చక్రాల బండి చప్పుడైతే చాలు లేచి కూర్చుంటున్నారు. మనిషి పోయిన మర్నాడు బాబాయి పనిలోకి వచ్చాడు గానీ ఆ మూలకి వెళ్ళలేదు.

ఆ హడావుడిలోనే ఆయన చేయకూడని పొరపాటు చేశాడు. ఒక గదిలో ఒకరోజు ఒక్కరికే చెప్పాలన్నది ఆయన పెట్టుకున్న కట్టుబాటు. ఆ మధ్యాహ్నం మర్నాటి ఆపరేషన్లకి ఇద్దరున్నారు, ఇద్దరూ బెదిరిపోయి ఉన్నారు, మంచాలు పక్కపక్కనే. రిటైరైన పోస్టుమాస్టరుగారికి పిత్తాశయం. తెర లాగి, ఆయన చెవిలో తన పిత్తాశయం కథ చెప్పి, పని ముగించాడు. రెండో మంచం మీద బస్సు డ్రైవరు. పర్వతంలాంటి మనిషి, హెర్నియా. అతనికి ఇంకా నురగ వేయలేదు, సబ్బునీళ్ళు తెచ్చుకోవాలి. కానీ డ్రైవరు మొహం చూడగానే బాబాయికి ఆగబుద్ధి కాలేదు. వంగి, నాకూ ఇదే ఆపరేషన్ అయిందని చెప్పేసి, నీళ్ళ కోసం వెళ్ళాడు.

తిరిగి వచ్చేసరికి తెరలు తీసి ఉన్నాయి. పోస్టుమాస్టరుగారు పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. భయం పోగొట్టుకోవడానికి ఆయనే మాట కలిపి, బాబాయి పిత్తాశయం సంగతి డ్రైవరుతో అన్నారట, డ్రైవరు తనకి చెప్పిన హెర్నియా సంగతి బయటపెట్టాడట. పక్క మంచాలవాళ్ళు కూడా అందుకుని పాత రోగుల్లో ఎవరెవరికి బాబాయి ఏమేం చెప్పాడో విన్నవి జోడించారు. వారం రోజుల తర్వాత వార్డులో నవ్వు వినబడింది. డ్రైవరు ఒక్కడే నవ్వలేదు. బాబాయిని చూసి, "ఆ మూల మంచం ఆయనక్కూడా ఇదే చెప్పావా?" అని అడిగాడు.

నవ్వులు ఆగిపోయాయి. బాబాయి గిన్నె కింద పెట్టాడు. ఆయన తలొంచుకున్నాడు. దాంతో అందరికీ అర్థమైంది. డ్రైవరు మంచం దిగి, హ్యాంగరుకున్న తన ఖాకీ చొక్కా తీసుకున్నాడు.

డ్రైవరుని పెంచింది వాళ్ళక్క. అమ్మా నాన్నా లేని పిల్లాణ్ణి ఎత్తుకుని తిప్పిన మనిషి, ఇప్పటికీ అతన్ని చిన్నోడా అనే పిలుస్తుంది. మంచం పక్కనే ఉన్న ఆవిడ తమ్ముడి చెయ్యి పట్టుకుంది, తిట్టింది, ఏడ్చింది. డ్రైవరు బొత్తాలు పెట్టుకుంటూనే ఉన్నాడు. సర్జనుగారు నిన్ననే చెప్పారు, పేగు ఆ సందులో బిగుసుకుంటోంది, ఇంకో పూట స్టీరింగు ముందు కూర్చుంటే లోపలే కుళ్ళిపోవచ్చు, అప్పుడు ఎవరూ ఏమీ చేయలేరని. అది డ్రైవరుకీ తెలుసు. భయం ఆ తెలివినంతా మింగేసింది. అక్క పరుగున వచ్చి, వార్డులోంచి బయటికొచ్చి మెట్ల దగ్గర కూలబడి ఉన్న బాబాయి ముందు నిలబడింది.

"అన్నయ్యా, మీ మాటతో కుదుటపడ్డాడు, మీ మాటతోనే లేచిపోతున్నాడు. మీరే వచ్చి ఆపాలి," అంది.

ఏం చెప్పి ఆపాలి? ఆయన దగ్గర ఉన్నది ఆ ఒక్క అబద్ధమే. దాన్నే నమ్ముకుని ఇన్నేళ్ళు బతికాడు. ఇప్పుడది చెల్లదు. నిజం ఒకటుంది గానీ, దాన్ని భార్య కుట్టిన మెత్త కింద దాచుకుని తిరుగుతున్నాడు. బాబాయి గోడ పట్టుకుని లేచాడు.  ఆ మనిషి గుమ్మం దాటితే పోయేది ప్రాణమని, తను ఊరుకుంటే మూల మంచం ఆయన తర్వాత అది రెండోది అవుతుందని అనుకున్నాడు.

వార్డులోకి వెళ్ళి డ్రైవరు మంచం చుట్టూ తెర లాగాడు. సంచీ సర్దుకుంటున్న డ్రైవరు, "ఇంకా ఏం చెబుతావు?" అన్నాడు కటువుగా. బాబాయి చొక్కా పైకెత్తి, నాడా విప్పి, మెత్త తీసి మంచం మీద పెట్టాడు. ఒకసారి దగ్గాడు. గజ్జలో ఉండ బయటికి వచ్చింది.

డ్రైవరు చూశాడు. తర్వాత మంచం మీదున్న మెత్త చూశాడు. అలాంటిదే అతని సంచీలో కూడా ఉంది.

"నాకు ఒక్క ఆపరేషనూ కాలేదు," అన్నాడు బాబాయి.  "కావాల్సింది ఇది. మత్తిస్తే లేవనేమోనని భయం, అందుకే దాచుకున్నాను. ఆ మూల మంచం ఆయనకి కూడా చెప్పాను. నా మాట విని నెమ్మదించాడు. నవ్వుతూ వెళ్ళాడు. నేను చేసింది మేలో మోసమో నాకు తెలియడంలేదు నాయనా. రోజూ అదే ఆలోచన."

డ్రైవరు సంచీ వదల్లేదు, కానీ కూర్చున్నాడు. బాబాయి కూడా పక్కనే కూర్చున్నాడు. తెరకి అవతల అక్క వెక్కిళ్ళు వినబడుతున్నాయి. డ్రైవరు, తనకి కొండదారిలో బ్రేకులు పట్టకపోయినా చెయ్యి వణకదనీ, ఎందుకంటే స్టీరింగు తన చేతిలోనే ఉంటుందనీ అన్నాడు. రేపు లోపల తనేం పట్టుకోవాలని అడిగాడు. తనకీ అదే బాధని బాబాయి ఒప్పుకున్నాడు.  అడిగినవాడి భయమూ, విన్నవాడి భయమూ ఒకటేనని తేలాక డ్రైవరు చొక్కా పై బొత్తం విప్పుకున్నాడు.

"రేపు నువ్వెళ్ళు. ఎల్లుండి నేను వెళతాను," అన్నాడు బాబాయి.

"నీ మాట ఎవరు నమ్ముతారు బాబాయ్?" అన్నాడు డ్రైవరు. అందులో వెటకారం లేదు. నమ్మాలని ఉంది, దారి దొరకడంలేదు.

ఆ మాటా నిజమే. బాబాయి తెర పక్కకి లాగి, పెద్ద సిస్టరుని కేకేసి, వార్డంతా వింటుండగా తనని చేర్చుకోమన్నాడు. ఆవిడ హాస్యమనుకుంది. తర్వాత చూసింది. చూశాక తిట్టిన తిట్లు ఇక్కడ రాస్తే బాగుండదు గానీ, ఇన్నేళ్ళూ తన కళ్ళ ముందే ఇలా తిరిగాడా అని చివర్లో ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఇళ్ళకి వెళ్ళిపోయినవాళ్ళ మంచాలతో సహా అన్నీ నిండి ఉన్నాయి. ఖాళీగా ఉన్నది మూల మంచం ఒక్కటే. బాబాయి ఒక్క క్షణం అటు చూసి, అదే ఇమ్మన్నాడు.

ఆసుపత్రి గౌను తొడుక్కుని వచ్చి డ్రైవరుకి నురగ వేశాడు. ఈసారి చెప్పడానికి కథ లేదు. డ్రైవరు పొట్ట వణికింది. బాబాయి బ్లేడు పైకి తీసి, ఎడమ చెయ్యి అతని మోకాలి మీద వేసి ఆగాడు. వణుకు తగ్గాక కొంచెం గీశాడు. మళ్ళీ వణికింది, మళ్ళీ ఆగాడు. పావుగంట పని చీకటి పడేదాకా సాగింది. ఇన్నేళ్ళలో తను ఎప్పుడూ ఇలా ఆగి ఉండలేదని, ఆగాల్సిన చోటల్లా అబద్ధం చెప్పి తొందరగా ముగించేశానని ఆయనకి అప్పుడే తట్టింది.

మర్నాడు డ్రైవరుని తీసుకెళ్ళారు. అతను ఎవరికీ చెయ్యి ఊపలేదు. బాబాయి అక్క పక్కన, ఆపరేషన్ గది బయట బల్ల మీద కూర్చున్నాడు. ఆయన ఆ బల్ల మీద ఎన్నడూ కూర్చోలేదు. నురగ వేయడం, ఇంటికి వెళ్ళడం, మర్నాడు మంచం మీద మనిషి ఉంటే పలకరించడం, అంతవరకే ఆయనకి తెలుసు. బల్ల మీద కాలం ఎంత బరువుగా ఉంటుందో తెలియదు. అక్క ఆయన భుజానికి తల ఆనించి ఏడ్చింది. ఏమీ కాదమ్మా అనబోయి ఆపుకున్నాడు. "నాకూ భయంగానే ఉంది చెల్లెమ్మా, ఇక్కడే ఉంటాను," అన్నాడు. ఆవిడ చెంగుతో మొహం తుడుచుకుని నిటారుగా కూర్చుంది.

తలుపు తెరుచుకుంది. బండి మీద డ్రైవరు, పాలిపోయి, పెదాలు ఎండిపోయి, కళ్ళు సగం మూసుకుని ఉన్నాడు. మంచినీళ్ళు అన్నాడు. ఇవ్వకూడదన్నారు. తిట్టాడు. ఆ తిట్టు విని అక్క నవ్వింది, బాబాయి గోడకి ఆనుకుని బావురుమన్నాడు. పోస్టుమాస్టరుగారిని ఆ వెనకే తీసుకెళ్ళారు, ఆయనా క్షేమంగానే వచ్చారు.

ఇక బాబాయి వంతు. ఆయనకి నురగ వేయడానికి మనిషి లేడు మరి. సబ్బు గిన్నె పట్టుకుని బావమరిదే దిగాడు. విషయం తెలిసిన దగ్గర్నుంచి అతను అక్కని, బావని కలిపి సాధిస్తున్నాడు. "నాకు చెప్పకుండా ఇంత పెద్ద ఆస్తి దాచుకున్నావా బావా," అంటూ తెర లాగాడు. బాబాయి నవ్వబోయాడు. నవ్వు రాలేదు. సబ్బు తగలగానే కాళ్ళు వణకడం మొదలుపెట్టాయి. తొడలు, పొట్ట, ఆఖరికి మంచం ఇనప ఊచలు కూడా చప్పుడు చేస్తున్నాయి. బావమరిది చేతిలో బ్లేడు గాల్లోనే ఉండిపోయింది. అతని మొహంలో వేళాకోళం మాయమైంది. తల దగ్గర నిలబడ్డ భార్య పోరలేదు, దెప్పలేదు, ఆయన నుదుటి మీద చెయ్యి వేసి ఊరుకుంది. కొంచెం ఆగుదాం బావా అన్నాడు బావమరిది. ఆగారు. వణుకు ఆగలేదు. బాబాయి పైన తిరుగుతున్న ఫ్యాను రెక్కల్ని చూస్తూ, ఇంటికి వెళ్ళిపోతానని చెప్పడానికి నోరు తెరిచాడు.

అవతల చెప్పులు ఈడుస్తున్న చప్పుడైంది. వద్దురా చిన్నోడా, పడతావు అని అక్క గదమాయిస్తోంది. తెర పక్కకి జరిగింది. కుట్లు చేత్తో అదిమిపట్టుకుని, సగం వంగిపోయి, అడుగులో అడుగు వేసుకుంటూ డ్రైవరు లోపలికి వచ్చాడు. చెమట్లు కారుతున్నాయి. మంచం ఊచ పట్టుకుని ఊపిరి తీసుకుని, నురగ బాబాయి చెవి దగ్గరికి వంగాడు.

"బాబాయ్, నాకూ ఇదే ఆపరేషన్ అయింది," అన్నాడు మెల్లగా. "చీమ కుట్టినట్టేం ఉండదు. నొప్పిగానే ఉంటుంది. లేవగానే దాహం వేస్తుంది, నోరు పిడచకట్టుకుపోతుంది, ఎంత అడిగినా నీళ్ళివ్వరు. వాళ్ళని తిట్టుకో. తిడుతున్నావంటే లేచినట్టే."

ఎన్నో ఏళ్ళు, ఎందరికో, ఎన్నో రకాలుగా చెప్పిన ఆ కథలో నురగ బాబాయి ఎప్పుడూ దాహం గురించి చెప్పలేదు. ఆయనకేం తెలుసు? ఆయన కళ్ళ పక్కనుంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి. డ్రైవరు అరచెయ్యి ఆయన మోకాలి మీద ఉంది, బరువుగా, వెచ్చగా. మంచం ఊచల చప్పుడు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది.

"నురగ ఆరిపోతోంది," అన్నాడు బాబాయి బావమరిదితో. "కానియ్యి."